'నాకు బి.పి. లేదు' అనే ముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ రోజునే ఏటా మనం ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. ప్రతి ఏడూ కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. అయితే హక్కు అనుభవించడానికి మనిషి బాగుండాలి కదా! అందుకని ఈసారి కార్యదర్శి గారు నాకు రక్తపోటు గురించి మాట్లాడే పని అప్పగించారు.

నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్ళూ రిజిస్టర్లూ చూసిన గుమస్తాను. అందుచేత ఎవరు ఏ మాత్ర వేసుకోవాలో నేను చెప్పను. పెద్దల వద్ద విన్నవి, చదివి తెలుసుకున్నవి నాలుగు ముక్కలు మీ ముందు పెడతాను. ఇప్పటికే బి.పి. మాత్రలు వాడుతున్న వారి కంటే, "నాకేం బి.పి. లేదండీ, గుండ్రాయిలా ఉన్నాను" అనే వారిని ఉద్దేశించే నా మాటలు ఎక్కువగా ఉంటాయి. అలా అనే వారిని నేను అడిగేది ఒక్కటే ప్రశ్న: "లేదని ఎలా తెలిసింది? ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నారు?"

ముందు లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో రక్తపోటు మీద ఒక నివేదిక ప్రకటించింది. దాని ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసు గలవారిలో సుమారు 18 కోట్ల 80 లక్షల మందికి అధిక రక్తపోటు ఉంది. అందులో నూటికి 37 మందికే తమకు ఆ జబ్బు ఉన్నట్లు తెలుసు. మందు వాడుతున్నవారు 30 మంది. అదుపులో ఉన్నది 15 మందికి. అంటే నూటికి 63 మంది తమకు జబ్బు ఉన్న సంగతే తెలియకుండా తిరుగుతున్నారన్న మాట. వారిలో చాలామంది "నాకు బి.పి. లేదు" అనే చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, వారికి నిజంగానే తెలియదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు పైబడిన వారికి ఇళ్ళకు వెళ్ళి బి.పి. చూశారు. దేశం మొత్తం మీద ఆడవారిలో నూటికి 21 మందికి, మగవారిలో 24 మందికి ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ విషయంలో దేశ సగటు కంటే పైనే ఉన్నాయి. ఇటువంటి వాటిలో పై స్థానం మనకు గర్వకారణం కాదు.

ఇంతమందికి ఎందుకు తెలియడం లేదు? జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. పంటి నొప్పి వస్తే రాత్రి నిద్రపట్టదు. రక్తపోటుకు అటువంటి సూచన సాధారణంగా ఏదీ ఉండదు. తలనొప్పి వస్తే, కళ్ళు తిరిగితే, కోపం వస్తే, మెడ పట్టేస్తే బి.పి. అనుకుంటాం. వాటికి కారణాలు వేరే ఎన్నో ఉండవచ్చు. పై అంకె 170 ఉన్న మనిషి హాయిగా భోంచేసి, పేపరు చదువుకుని, బజారుకు వెళ్ళి కూరగాయలు తేవచ్చు. నెమ్మదస్తుడికీ ఉంటుంది, సన్నగా ఉన్నవాడికీ ఉంటుంది. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల రక్తనాళాలు గట్టిపడుతూ ఉంటాయి. గుండె కండరం మందమవుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. కంటి వెనకటి పొర పాడవుతుంది. చివరికి పక్షవాతమో, గుండెపోటో వచ్చి ఆసుపత్రిలో పడితే, అప్పుడు డాక్టరు గారు "మీకు చాలాకాలంగా బి.పి. ఉందండీ" అంటారు. ఆ మాట మొదటిసారి అక్కడ వినవలసిన అవసరం మనలో ఎవరికీ రాకూడదు.

రక్తపోటు అంటే ఏమిటో కూడా రెండు మాటల్లో చెప్పుకుందాం. గుండె రక్తాన్ని నెడుతుంది. ఆ నెట్టుడుకు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పుడు ఉండేది పై అంకె, వదులైనప్పుడు ఉండేది కింది అంకె. ఆ ఒత్తిడి పాదరసాన్ని గొట్టంలో ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు లేపగలదో అదే ఆ అంకె. 1896లో ఇటలీలో రీవా రోచీ అనే వైద్యుడు చేతికి చుట్టే పట్టీ తయారుచేశాడు. 1905లో రష్యాలో కొరొట్కోవ్ అనే వైద్యుడు స్టెతస్కోపుతో చప్పుడు విని రెండు అంకెలూ చెప్పే పద్ధతి కనిపెట్టాడు. అంటే ఈ పరీక్ష వచ్చి నూరేళ్ళు దాటింది. ఖర్చు లేదు, నొప్పి లేదు, పరగడుపున రానక్కరలేదు. అయినా చేయించుకోని వారు చాలామంది.

మన దేశంలో సాధారణంగా పాటించే లెక్క ఇది. వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అధిక రక్తపోటు. రెండూ ఎక్కువ ఉండనక్కరలేదు, ఒకటి ఉన్నా చాలు. అమెరికాలో మాత్రం 2017 నుంచి 130, 80 దాటితేనే ఎక్కువ అంటున్నారు. అక్కడున్న మన పిల్లలు ఫోనులో ఆ అంకెలు చెబితే కంగారు పడకండి, అలాగని కొట్టిపారేయకండి. ఎవరి డాక్టరు చెప్పినట్లు వారు చేయాలి.

ఇప్పుడు మన వయసు వారిలో బాగా పాతుకుపోయిన ఒక మాట గురించి చెప్పాలి. "వయసుకు వంద కలుపు, అంత బి.పి. ఉండవచ్చు" అంటారు. అంటే 75 ఏళ్ళవాడికి 175 ఉన్నా ఫరవాలేదన్న మాట. ఒకప్పుడు వైద్యులలోనూ ఈ అభిప్రాయం ఉండేది. వయసుతోపాటు రక్తనాళాలు బిరుసెక్కుతాయి కనుక పై అంకె పెరుగుతుంది, కింది అంకె మామూలుగానే ఉంటుంది లేదా తగ్గుతుంది. ముసలితనానికి అది సహజమేనని వదిలేసేవారు. 1991లో అమెరికాలో 60 ఏళ్ళు దాటిన, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్నవారి మీద జరిగిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మందు వాడినవారిలో పక్షవాతం మూడో వంతుకు పైగా తగ్గింది. 2008లో 80 ఏళ్ళు దాటిన వారి మీద జరిగిన మరో అధ్యయనంలో, మందు వాడినవారిలో మరణాలు 21 శాతం తగ్గాయి. కాబట్టి "ఈ వయసులో ఇంకెందుకండీ" అనే మాటకు ఆధారం లేదు. 80 దాటిన వారికి కూడా చికిత్స వల్ల మేలే.

'వయసుకు సహజం' అనే మాట ఎంత దూరం తీసుకుపోతుందో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ కథలో ఉంది. 1944 మార్చిలో గుండె వైద్యుడు పరీక్షించినప్పుడు ఆయన బి.పి. 186, 108. ఆయన ఆరోగ్యం ఆ వయసుకు తగ్గట్టే ఉందని జనానికి చెబుతూ వచ్చారు. 1945 ఏప్రిల్ 12న తల వెనక భరించలేని నొప్పి అని కూలబడ్డారు. అప్పుడు చూస్తే 300, 190. మెదడులో రక్తనాళం చిట్లి ఆ రోజే పోయారు. ఆయన వయసు 63. అప్పటికి సరైన మందు లేదు కనుక అంతటి దేశాధ్యక్షుడికి కూడా చేయగలిగింది పెద్దగా లేకపోయింది. ఈ రోజున మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూలివానికి దొరికే మాత్ర ఆనాడు ఆయనకు దొరకలేదు.

ఈ మందుల చరిత్రలో మన దేశానికీ చోటుంది. మన ఆయుర్వేదంలోని సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్య పత్రికలో రాశారు. ఆ వేరు నుంచి తీసిన రెసెర్పిన్ అనే మందు ఆ తరువాత ప్రపంచమంతా వాడారు. అయితే ఇది విని ఎవరూ వేరు తెచ్చి నూరుకోవద్దు. దానివల్ల మనసు కుంగుబాటు వంటి ఇబ్బందులు రావచ్చు. దానికంటే మంచి మందులు వచ్చి చాలాకాలమైంది.

ఇక ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ? ఒక్కొక్కటే చెబుతాను. మీకు ఎన్ని వర్తిస్తాయో మనసులో టిక్కు పెట్టుకోండి.

మొదటిది వయసు. అందులో మనమంతా ఉత్తీర్ణులమే. రెండవది వంశం. తల్లికో తండ్రికో అన్నదమ్ములకో బి.పి., పక్షవాతం ఉంటే మనకూ రావచ్చు. ఈ రెండూ మన చేతిలో లేవు. మిగిలినవి చాలావరకు ఉన్నాయి.

మూడవది ఉప్పు. రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు, అదీ రోజంతటికీ, కూర, చారు, మజ్జిగ, ఊరగాయ అన్నీ కలిపి. మన ఇళ్ళలో ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, పచ్చళ్ళు, సాయంత్రం జంతికలు, కారప్పూస. ఇవన్నీ ఉప్పే. "నేను కూరలో ఉప్పు తక్కువే వేసుకుంటాను" అనే వారు పక్కన ఉన్న సీసాను లెక్కలోకి తీసుకోరు. సైంధవ లవణం వాడితే ఫరవాలేదనుకోవడం కూడా పొరపాటే. అందులోనూ ఎక్కువ భాగం మామూలు ఉప్పులో ఉన్న పదార్థమే. పొటాషియం కలిపిన ఉప్పు కొందరికి మంచిదే గాని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

నాలుగవది బరువు, ముఖ్యంగా పొట్ట. ఐదవది కదలిక లేకపోవడం. ఉద్యోగంలో కుర్చీకి అలవాటుపడ్డ నడుము రిటైరయ్యాక టీవీ ముందు మరో కుర్చీ వెతుక్కుంటుంది. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున కాస్త చురుకుగా నడవాలి. ఆరవది పొగాకు. సిగరెట్టు, చుట్ట, బీడీ, గుట్కా, జర్దా కిళ్ళీ అన్నీ అందులోకే వస్తాయి. ఏడవది మద్యం. ఎనిమిదవది మధుమేహం, మూత్రపిండాల జబ్బు. షుగరు పరీక్ష నెలనెలా చేయించుకుంటూ బి.పి. సంగతి మరచేవారున్నారు. ఈ రెండూ కలిస్తే మూత్రపిండాలకు నష్టం మరింత ఎక్కువ.

తొమ్మిదవది చాలామందికి తెలియదు. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు బి.పి.ని పెంచుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. స్టెరాయిడ్ మందులూ అంతే. పదవది గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేవడం. ఇది నిద్రపోయే మనిషికి తెలియదు, పక్కన ఉన్నవారే చెప్పాలి.

ఇక్కడ సోదరీమణుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మా వీధిలోనే ఒక పెన్షనరు ఉన్నారు. ఆయనకు పదిహేనేళ్ళుగా బి.పి. నెలకోసారి డాక్టరు దగ్గరకు వెళతారు, భార్య కూడా తోడు వెళుతుంది. ఆయన మాత్రల డబ్బా, ఆయన చప్పిడి కూర, ఆయన ఫైలు అన్నీ ఆవిడే చూస్తుంది. కిందటి ఏడాది ఆవిడకు కంట్లో శుక్లం ముదిరితే ఆపరేషనుకు తీసుకువెళ్ళారు. ముందు పరీక్షల్లో బి.పి. 196, 104 ఉంది. ఆపరేషను వాయిదా వేసి వైద్యుని దగ్గరకు పంపారు. చూస్తే మూత్రంలో ప్రొటీను పోతోంది, మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిన్నాయి. పదిహేనేళ్ళపాటు ఆవిడ నెలనెలా బి.పి. మిషను పక్కనే కూర్చుంది. ఆ పట్టీ ఆవిడ చేతికి ఒక్కసారీ చుట్టలేదు. ఆవిడ అడగలేదు, ఆవిడను అడిగినవారూ లేరు. ఇప్పుడు మందులు వాడుతోంది, కన్ను ఆపరేషను కూడా అయింది. కాని పోయిన మూత్రపిండాల బలం తిరిగి రాదన్నారు డాక్టరు గారు.

మన ఇళ్ళలో ఇటువంటివారు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. ఉద్యోగం చేసిన మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసులోనో, క్యాంపులోనో పరీక్ష జరుగుతుంది. ఇంట్లో ఉన్న మనిషికి కాన్పుల తరువాత మళ్ళీ డాక్టరు ముఖం చూసే సందర్భమే రాదు. కాన్పు సమయంలో బి.పి. పెరిగిన స్త్రీలకు ఆ తరువాతి వయసులో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి అయ్యలారా, ఈసారి వెళ్ళినప్పుడు "మా ఆవిడకు కూడా చూడండి" అనండి. అమ్మలారా, వారు అనకపోతే మీరే చెయ్యి చాపండి. కుటుంబ పెన్షను తీసుకుంటూ ఒంటరిగా ఉంటున్న సోదరీమణులను ఇరుగుపొరుగు సభ్యులు వెంటబెట్టుకు తీసుకువెళ్ళండి.

చూపించుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. అరగంట ముందు నుంచి కాఫీ, పొగాకు ముట్టుకోకూడదు. మూత్ర విసర్జన చేసి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరుకుని కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద, జాకెట్టు మీద కాక ఒంటి మీదే చుట్టాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేనిది ఉన్నట్లు చూపిస్తుంది. చూసేటప్పుడు మాట్లాడకూడదు. డి.ఆర్. బకాయిల చర్చ అయితే అసలు వద్దు! ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ ఉన్న చేతిని గుర్తుపెట్టుకోవాలి. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి చూసి బి.పి. ఉందని తేల్చడం తప్పు, ఒక్కసారి బాగుందని జీవితాంతం లేదనుకోవడం అంతకంటే తప్పు.

డాక్టరును చూడగానే కొందరికి పెరుగుతుంది. కొందరికి అక్కడ మామూలుగా ఉండి ఇంటి దగ్గర ఎక్కువ ఉంటుంది. అందుకే చేతి పై భాగానికి చుట్టే ఎలక్ట్రానిక్ మిషను ఇంట్లో ఉంటే మంచిది. మణికట్టుకు పెట్టేవి అంత నమ్మకం కాదు. ఇంట్లో సగటు 135, 85 దాటితే డాక్టరుకు చూపించాలి. తేదీ, వేళ, రెండు అంకెలు ఒక నోటు పుస్తకంలో రాయండి. రిజిస్టరు రాయడం మనకు ఒకరు నేర్పాలా?

ఉందని తేలితే బెంబేలు పడవద్దు. కొందరికి ఉప్పు, బరువు తగ్గితే చాలు, చాలామందికి మాత్రలు కావాలి. వాడితే అంకె తగ్గుతుంది. తగ్గింది కదా అని మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. తగ్గడానికి కారణమే ఆ మాత్ర. పక్కింటాయన మాత్ర మనం వాడకూడదు. మన వయసులో ఇంకొక జాగ్రత్త. కొందరికి లేచి నిలబడగానే బి.పి. పడిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. అటువంటివారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి నిలబెట్టి కూడా చూపించుకోవాలి. రాత్రి బాత్‌రూముకు లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. ఎవరికైనా మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, తెల్లవారనివ్వండి చూద్దాం అనుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసినది, ఎంత ముందు ఇస్తే అంత మేలు.

మన పిల్లలకూ ఒక మాట. 30 ఏళ్ళు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. పగలూ రాత్రీ కంప్యూటరు ముందు కూర్చునే మన పిల్లలు హైదరాబాదులో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. మనకు బి.పి. ఉందన్న సంగతి వారికి దాచకండి. ఆస్తి పత్రాలు ఎక్కడున్నాయో చెప్పినట్లే ఇదీ చెప్పాలి.

చివరగా సంఘానికి ఒక సూచన. ఏటా మనం బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అది ఇవ్వకపోతే పెన్షను ఆగిపోతుందని ఎంత దూరమైనా వెళ్ళి, వేలిముద్ర పడకపోతే మళ్ళీ మళ్ళీ పెట్టి ఇస్తాం. ఆ సర్టిఫికెట్ల సీజనులో మన సంఘం కార్యాలయంలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మంచి మిషను, ఒక నర్సమ్మను ఏర్పాటు చేద్దాం. వచ్చిన ప్రతి సభ్యునికీ, వెంట వచ్చిన భార్యకూ లేదా భర్తకూ చూసి, ఒక చీటీ మీద అంకెలు రాసి ఇద్దాం. ఎక్కువ ఉన్నవారిని డాక్టరు దగ్గరకు పంపి, వెళ్ళారా లేదా అని నెల తరువాత ఫోను చేసి అడుగుదాం. ఆ ఫోన్లు చేసే పని నాకు అప్పగించండి, చేస్తాను.

ఈ రోజు కూడా అధ్యక్షుల వారి అనుమతితో పక్క గదిలో మిషను పెట్టారు. భోజనాలకు ఇంకా గంట టైముంది. ముందుగా "నాకు బి.పి. లేదు" అనే వారు రావాలని మనవి.